మామిడి కొమ్మ మీది ఆర్కిడ్‌ను యూవీ వెలుగులో ఫోటో తీయడం ఎలా?

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల పాత మామిడి తోటల్లో తిరిగే అలవాటు ఉంటే వాండా టెస్సెల్లాటా అనే ఆర్కిడ్‌ను మీరు చూసే ఉంటారు, పేరు తెలియకపోయినా. కొమ్మ పంగలో తెల్లటి లావుపాటి వేళ్లు బెరడును కరుచుకుని ఉంటాయి. ఆకులు సన్నగా, పొడుగ్గా, నడిమికి మడిచినట్టు రెండు వరసల్లో ఉంటాయి. ఆకు కొస ఎవరో కొరికినట్టు ఉంటుంది. ఎండాకాలంలో గెల వేస్తుంది. పసుపు, లేత ఆకుపచ్చ కలిసిన రేకుల మీద గోధుమరంగు గళ్లు, ముందుకు సాగిన ఊదా నీలం పెదవి, మంచి వాసన. 1795లోనే వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ దీన్ని బొమ్మతో సహా అచ్చు వేయించాడు. ఊళ్లలో మాత్రం దీన్నీ బదనిక అనే అంటారు, చాలా తోటల్లో కొడవలితో చెక్కి పారేస్తారు.

ఈ పువ్వు మనకు కనిపించినట్టు తేనెటీగకు కనిపించదు. మన కన్ను సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగునే పట్టుకుంటుంది. తేనెటీగ చూపు 300 దగ్గర మొదలై 650 దగ్గర ఆగిపోతుంది. అంటే ఎరుపు దానికి దాదాపు లేదు, దాని బదులు మనకు కనిపించని యూవీ, అంటే అతినీలలోహిత కాంతి, ఉంది. దాని కంటిలో యూవీకి ఒకటి, నీలానికి ఒకటి, ఆకుపచ్చకు ఒకటి, మూడు రకాల కణాలు పనిచేస్తాయి. ఆ యూవీ వాటాను కెమెరాతో పట్టడమే ఇక్కడి పని. అది నమ్మదగ్గట్టు ఉండాలంటే ఒకే పువ్వుకు, ఒకే చోటు నుంచి రెండు ఫోటోలు కావాలి: ఒకటి మామూలు వెలుగులో, ఒకటి యూవీలో. జత లేని యూవీ ఫోటో ఎంత అందంగా ఉన్నా దాన్నుంచి పువ్వు గురించి తెలిసేది తక్కువ.

రెండు పద్ధతుల్ని కలపొద్దు

యూవీ ఫోటో అని చూపించే వాటిలో చాలావరకు చీకట్లో యూవీ టార్చి వేసి తీసినవి. పువ్వు మీద యూవీ పడ్డప్పుడు కొన్ని పదార్థాలు మనకు కనిపించే వెలుగును వదులుతాయి. ఆ వెలుగును మామూలు కెమెరాతోనే తీయొచ్చు. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, కానీ తేనెటీగ పగటిపూట చూసేది అది కాదు. పువ్వు మీద పడి వెనక్కి తిరిగొచ్చే యూవీని మాత్రమే లెన్సులోకి రానిచ్చి, కనిపించే వెలుగునంతా ఆపేసి తీయడం రెండో పద్ధతి. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే. మొదటిది చివర్లో కొంచెం చెబుతాను.

సామాను

రెండో పద్ధతికి ఫోన్ పనికిరాదు. ఫోన్ లెన్సులు, లోపలి ఫిల్టర్లు యూవీని దాదాపు పూర్తిగా ఆపేస్తాయి. మామూలు డిజిటల్ కెమెరాలోనూ సెన్సర్ ముందు ఒక గాజు పలక ఉంటుంది, అది యూవీని, ఇన్‌ఫ్రారెడ్‌ను (ఎరుపుకు అవతల మనకు కనిపించని వెలుగు) అడ్డుకుంటుంది. దాన్ని తీసి స్పష్టమైన గాజు పెట్టిస్తే కెమెరా ఫుల్ స్పెక్ట్రమ్ అవుతుంది, అంటే యూవీని, కనిపించే వెలుగును, ఇన్‌ఫ్రారెడ్‌ను అన్నిటినీ పట్టుకుంటుంది. పాత మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా బాడీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని ఈ పనికే కేటాయించండి. మార్పు మాత్రం ఆ పని తెలిసిన టెక్నీషియన్‌తోనే చేయించాలి. సెన్సర్ మీద ఒక్క గీత పడితే బాడీ పోయినట్టే. మిర్రర్‌లెస్ అని ఎందుకంటున్నానంటే, స్క్రీన్ మీద సెన్సర్ చూసిందే కనిపిస్తుంది, యూవీలో ఫోకస్ చేయడానికి అదొక్కటే దారి.

లెన్సు దగ్గర కొత్తది, ఖరీదైనది అన్న లెక్క తిరగబడుతుంది. పదిహేను గాజు పలకలు, వాటి మీద పూతలు ఉన్న ఆధునిక లెన్సు యూవీని మింగేస్తుంది. తక్కువ పలకలున్న పాత లెన్సు దాటనిస్తుంది. డార్క్‌రూమ్ రోజుల్లో ప్రింట్లు వేయడానికి వాడిన ఎన్‌లార్జర్ లెన్సుల్లో పాత లోహపు ఎల్-నిక్కోర్ 80 ఎంఎం ఎఫ్ 5.6కు ఈ విషయంలో మంచి పేరుంది. దానికి సొంతంగా ఫోకస్ రింగు ఉండదు కాబట్టి లెన్సును ముందుకు వెనక్కి జరిపే మర గొట్టం, అంటే హెలికాయిడ్ ఒకటి, మీ కెమెరాకు సరిపోయే అడాప్టర్ ఒకటి విడిగా తీసుకోవాలి. క్వార్ట్జ్‌తో, ఫ్లోరైట్‌తో చేసిన యూవీ-నిక్కోర్ 105 ఎంఎం లాంటివి ఈ పనికే పుట్టాయి. వాటి ధర చూశాక మీరూ ఎన్‌లార్జర్ లెన్సు వైపే వస్తారు.

డబ్బు పొదుపు చేయకూడనిది ఫిల్టర్ దగ్గర. లెన్సు ముందు పెట్టే ఫిల్టర్ యూవీని మాత్రమే వదలాలి. యూజీ 11 గాజు ఒక్కటే పెడితే చాలదు, అది 700 నానోమీటర్ల దగ్గర ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా కొంత వదులుతుంది. సెన్సర్‌కు యూవీ అంటే చిన్నచూపు, ఇన్‌ఫ్రారెడ్ అంటే మక్కువ. కాబట్టి కొంచెం కారినా ఫోటో అంతా ఇన్‌ఫ్రారెడ్‌తో నిండిపోతుంది. యూజీ 11కు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఎస్ 8612 గాజును జత చేయాలి, లేదా బాడర్ యూ లాంటి సిద్ధంగా దొరికే ఫిల్టర్ తీసుకోవాలి. మామూలు షాపుల్లో 'యూవీ ఫిల్టర్' అని అమ్మేది దీనికి పూర్తిగా ఎదురు పని చేస్తుంది, యూవీని ఆపుతుంది.

ఇక అన్నిటికన్నా చవకైనది, అన్నిటికన్నా అవసరమైనది కొళాయి మరలకు చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు. ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. టెఫ్లాన్ యూవీని, కనిపించే వెలుగును దాదాపు సమానంగా తిప్పికొడుతుంది. చిన్న ప్లాస్టిక్ ముక్క మీద వెనకున్నది కనిపించనంత మందంగా పొరలు పొరలుగా చుట్టండి. ఇదే మీ తెలుపు కొలత. తెల్ల కాగితం వాడొద్దు. కాగితంలో, సబ్బు పొడితో ఉతికిన తెల్ల బట్టల్లో మెరుపు కోసం కలిపే రసాయనాలు యూవీని పీల్చుకుంటాయి. మన కంటికి పాలలా తెల్లగా ఉన్న కాగితం యూవీలో నల్లబడి కనిపిస్తుంది.

ఇంట్లోనే పరీక్షించుకోండి

తోటకు పోకముందు మిద్దె మీద ఎండలో ఒక ఫ్రేము పెట్టండి. అందులో ఏదైనా చెట్టు పచ్చి ఆకులు, ఒక కళ్లజోడు, ఒక పొద్దుతిరుగుడు పువ్వు, టెఫ్లాన్ ముక్క ఉండాలి. ఫిల్టర్ పెట్టి తీయండి. సామాను సరిగ్గా ఉంటే ఆకులు నల్లగా వస్తాయి, ఎందుకంటే ఆకులు యూవీని పీల్చుకుంటాయి. ఆకులు తెల్లగా మెరుస్తుంటే ఇన్‌ఫ్రారెడ్ కారుతోందని అర్థం. ప్లాస్టిక్ అద్దాల కళ్లజోడు నల్ల కళ్లద్దాల్లా కనిపించాలి. పొద్దుతిరుగుడు మన కంటికి మొత్తం పసుపే, కానీ యూవీలో రేకుల కొసలు వెలుగ్గా, మొదళ్లు చీకటిగా విడిపోతాయి. మధ్యలో పెద్ద నల్లటి గుండ్రం కనిపిస్తుంది. ఆ గుండ్రం కనిపించకపోతే ఆర్కిడ్ దాకా పోవద్దు, ముందు ఫిల్టర్ సంగతి తేల్చుకోండి.

రా ఫార్మాట్‌లోనే (సెన్సర్ పట్టిందాన్ని మార్చకుండా దాచే ఫైలు) తీయండి. కెమెరా స్క్రీన్ మీద ఫోటో మొత్తం ఎర్రగానో గులాబీగానో కనిపిస్తుంది, కంగారు పడొద్దు. సెన్సర్ మీది ఎరుపు రంగు గడులు యూవీని ఎక్కువగా లోనికి వదలడం వల్ల అలా అవుతుంది. అందుకే ఎక్స్‌పోజర్ సరిపోయిందా లేదా చూసేటప్పుడు హిస్టోగ్రామ్‌లో (ఫోటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) ఎరుపు గీతనే చూడండి. మిగతా రెండూ ఎడమ పక్కన పడుకుని ఉన్నా, ఎరుపు కుడి అంచుకు గుద్దుకుంటే టెఫ్లాన్ మీద వివరం పోయినట్టే. టెఫ్లాన్ మీద పెట్టి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ (ఏది తెలుపో కెమెరాకు చెప్పే అమరిక) కొట్టి చూడండి. కొన్ని కెమెరాలు ఒప్పుకుంటాయి, కొన్ని 'సాధ్యం కాదు' అంటాయి. ఒప్పుకోకపోయినా పర్వాలేదు, తర్వాత కంప్యూటర్‌లో సరిచేయొచ్చు.

తోటలో

ముందు రైతుతో మాట్లాడండి. "అన్నా, ఆ బదనిక పూలు ఫోటో తీసుకుంటాం, కోయం, చెట్టెక్కం" అంటే వద్దనేవాళ్లు తక్కువ. "దాన్ని తీసేయాలని ఉండాం కదా సార్, చెట్టును తినేస్తా ఉంది" అన్న మాట మాత్రం తప్పకుండా వస్తుంది. అప్పుడు ఆగి చూపించండి. చెట్టును తినే బదనిక వేరు. దాని వేరు కొమ్మలోపలికి దిగి రసం పీలుస్తుంది, అది పట్టిన చోట కొమ్మ ఉబ్బి ఉంటుంది. ఈ ఆర్కిడ్ వేరు బెరడు పైపైనే పాకుతుంది, వేలితో చూపించొచ్చు. వానలోంచి, గాలిలోని తేమలోంచి, బెరడు మీది దుమ్ములోంచి దానికి కావాల్సింది అది తీసుకుంటుంది. మామిడి చెట్టు దానికి నిలబడే చోటు మాత్రమే. ఈ ఒక్క సంగతి చెప్పి రావడం వల్ల రెండు మొక్కలు మిగిలినా మీ ఫోటోలకన్నా అది పెద్ద పని అని నా నమ్మకం.

ఛాతీ ఎత్తులో, ఆకాశం వైపు తెరిచి ఉన్న గెలను ఎంచుకోండి. పాత చెట్లు కింద నుంచే పంగలు చీలతాయి కాబట్టి వెతికితే దొరుకుతుంది. గుబురు లోపలి పువ్వు మన కంటికి బాగానే వెలుగులో ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ మామిడి ఆకులు యూవీని పీల్చేస్తాయి కాబట్టి అక్కడ కెమెరాకు చీకటే. అదే నీలాకాశం ఎదురుగా ఉన్న నీడలో యూవీ పుష్కలంగా ఉంటుంది, ఎందుకంటే గాలి యూవీని ఎక్కువగా చెదరగొడుతుంది. నేరుగా ఎండ పడితే గట్టి నీడలు వస్తాయి. ఆకాశపు వెలుగులో రేకుల మీది తేడాలు మెత్తగా, స్పష్టంగా వస్తాయి. నాకు ఈ రెండోదే ఇష్టం.

వేళ విషయంలో రెండు వైపులా లాగుడు ఉంటుంది. యూవీ బలం మధ్యాహ్నం ఎక్కువ. మన దగ్గర ఏప్రిల్ చివర్లో సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. కానీ పొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుంది, గెల ఊగుతుంది. ఎక్స్‌పోజర్ అర సెకను నుంచి రెండు మూడు సెకన్ల దాకా పోతుంది కాబట్టి ఊగే పువ్వు పనికిరాదు. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య ఎక్కువసార్లు రెండూ కుదురుతాయి. గాలి వచ్చే వైపు ఒకరు గొడుగు పట్టుకుని నిలబడితే చాలా మేలు. గెలను దారంతో కట్టడం, క్లిప్పు పెట్టి పట్టుకోవడం వద్దు.

ఇప్పుడు వరస. ట్రైపాడ్ బిగించండి, దాని కాళ్లు దున్నిన మట్టిలో దిగకుండా రాళ్లు పెట్టుకోండి. ఎఫ్ 8 పెట్టండి. ఐఎస్‌ఓ 400 లేదా 800. మొదట లెన్సు మీద మామూలు వెలుగును మాత్రమే వదిలే ఫిల్టర్ పెట్టి, కనిపించే వెలుగులో ఫోటో తీయండి. ఫుల్ స్పెక్ట్రమ్ బాడీకి ఈ ఫిల్టర్ తప్పనిసరి, లేకపోతే రంగులు ఇన్‌ఫ్రారెడ్‌తో కలిసిపోతాయి. టెఫ్లాన్ ముక్క పువ్వుకు పక్కనే, పువ్వు చూసే వైపే చూస్తూ, అదే వెలుగులో, పువ్వుకు తగలకుండా ఫ్రేము అంచున ఉండాలి. దాన్ని విడిగా ఒక కర్రకు బిగించండి. తర్వాత కెమెరా కదలకుండా ఫిల్టర్ మార్చండి. మర తిప్పి బిగించే ఫిల్టర్లయితే కెమెరా కదులుతుంది, అయస్కాంతంతో అంటుకునే రింగులు తీసుకుంటే ఆ బాధ ఉండదు.

ఫిల్టర్ మార్చాక ఫోకస్ మళ్లీ చేయాలి. చాలా లెన్సుల్లో యూవీ కిరణాలు కలిసే చోటు కనిపించే వెలుగు కలిసే చోటికి కొంచెం తేడాగా ఉంటుంది. స్క్రీన్ మీద పెదవి అంచును పది రెట్లు పెద్దది చేసి చూడండి. చుట్టూ వెలుతురు వల్ల స్క్రీన్ కనిపించకపోతే తల మీద నల్లగుడ్డ కప్పుకోండి, పాతకాలపు స్టూడియో ఫోటోగ్రాఫర్లు చేసినట్టు. అయినా నమ్మకం లేకపోతే హెలికాయిడ్‌ను వెంట్రుకవాసి తిప్పుతూ వరసగా నాలుగైదు ఫ్రేములు తీయండి. టైమర్ పెట్టి తీయండి, చేయి తగలకూడదు.

సన్‌స్క్రీన్ రాసుకున్న చేతులతో టెఫ్లాన్‌ను, లెన్సును ముట్టుకోవద్దు. సన్‌స్క్రీన్ పని యూవీని ఆపడమే కాబట్టి వేలిముద్ర పడ్డ చోట యూవీలో నల్లటి మరక వస్తుంది. పువ్వును అసలే ముట్టుకోవద్దు. నడి స్తంభం కొసన చిన్న మూత కింద పుప్పొడి ముద్దలు ఉంటాయి. వేలు తగిలితే మూత ఊడి ముద్ద పోతుంది. అప్పుడు ఆ పువ్వు తన పుప్పొడిని ఇంకో పువ్వుకు పంపలేదు.

వెలుగు చాలని చోట 365 నానోమీటర్ల ఎల్‌ఈడీ టార్చి వాడొచ్చు. షట్టర్ ఎనిమిది పది సెకన్లు తెరిచి ఉంచి, టార్చిని పువ్వు మీద నెమ్మదిగా అన్ని వైపుల నుంచీ తిప్పాలి. నోట్లు పరీక్షించే చవక లైట్లు చాలావరకు 395 దగ్గర వెలుగుతాయి, ఊదాగా మెరుస్తాయి, ఈ పనికి చాలవు. టార్చి వాడేటప్పుడు యూవీ 400 అని రాసున్న రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి, పక్కనున్నవాళ్లకూ ఇవ్వండి. పాత ఫ్లాష్ ముందున్న ప్లాస్టిక్ తీసేస్తే అది మంచి యూవీ దీపం అవుతుంది. అయితే దాని లోపలి కెపాసిటర్ స్విచ్ ఆపాక కూడా వందల వోల్టులు పట్టి ఉంచుతుంది. ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లే విప్పాలి.

అడవిలోకి పోవాలంటే

శేషాచలం కొండల్లో మరిన్ని జాతులు ఉన్నాయి. కానీ అది 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన అడవి, అందులో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఉంది. అటవీశాఖకు ముందే దరఖాస్తు పెట్టుకుని, ఏ రోజు, ఎక్కడ, ఏం సామానుతో, ఏమీ కోయబోమని రాసి, రాతపూర్వక అనుమతి తీసుకునే పోవాలి. ఎర్రచందనం దొంగల కోసం నిఘా ఉండే అడవి ఇది. అనుమతి లేకుండా ట్రైపాడ్లు, టార్చిలు పట్టుకుని తిరిగితే ఎవరికైనా అనుమానం వస్తుంది, తప్పు వాళ్లది కాదు. తిరుమల ఘాట్ రోడ్డులో పువ్వు కనిపించిందని బండి ఆపొద్దు. అలిపిరి నడకదారి పక్కన పొదల్లోకి దిగొద్దు, చిరుతలు తిరిగే చోటు. పలమనేరు వైపు తోటల్లో అయితే మామిడి కాలంలో ఏనుగులు దిగుతాయి, తెల్లవారుజామున, సాయంత్రం రైతు చెప్పకుండా లోపలికి అడుగు పెట్టకండి.

నా మాట అడిగితే మొదటి ఏడాది అంతా తోటలతోనే గడపండి. అదే చెట్టు, అదే మొక్క, మొగ్గ నుంచి వాడిపోయేదాకా జత ఫోటోలు తీయండి. ఎక్కువ జాతుల్ని ఒక్కోసారి తీయడం కన్నా దీనివల్ల తెలిసేది ఎక్కువ.

కంప్యూటర్ దగ్గర

లైట్‌రూమ్ లాంటి వాటిలో వైట్ బ్యాలెన్స్ స్లైడర్ చివరిదాకా లాగినా యూవీ ఫోటో ఎరుపు పోదు, దానికి ప్రత్యేక ప్రొఫైల్ చేయాలి. ఉచితంగా దొరికే రా థెరపీ, డార్క్‌టేబుల్‌లో టెఫ్లాన్ మీద నొక్కితే చాలావరకు సరిపోతుంది. టెఫ్లాన్ తెల్లబడ్డాక మిగతా చోట్ల పసుపు, లేత ఊదా లాంటి రంగులు కనిపిస్తాయి. అవి పువ్వు రంగులు కావు, సెన్సర్ గడులు యూవీని పంచుకున్న తీరు. కాబట్టి నేను యూవీ ఫోటోను నలుపు తెలుపులోకి మార్చి, ఎక్కడ వెలుగు, ఎక్కడ చీకటి అన్నదే చూస్తాను.

అసలు పని ఆ తర్వాత ఉంది. జింప్ అనే ఉచిత ఫోటో సాఫ్ట్‌వేర్‌లో రెండు ఫోటోలనూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చండి. మామూలు ఫోటోను ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చానళ్లుగా విడదీయండి. ఇప్పుడు కొత్త బొమ్మలో ఎరుపు స్థానంలో మామూలు ఫోటోలోని ఆకుపచ్చ చానల్, ఆకుపచ్చ స్థానంలో నీలం చానల్, నీలం స్థానంలో యూవీ ఫోటో పెట్టి కలపండి. తేనెటీగకున్న మూడు గ్రాహకాలను మన మూడు రంగుల్లోకి జరిపినట్టు. టెఫ్లాన్ ముక్క ఈ బొమ్మలో కూడా తెల్లగా రావాలి. రంగు తేలితే ఏదో ఒక చానల్ ఎక్స్‌పోజర్ తప్పింది, దాన్ని సరిచేశాకే పువ్వు వైపు చూడండి. గోధుమ గళ్లకూ వాటి మధ్య పసుపుకూ తేడా పెరిగిందా తగ్గిందా? పెదవి చుట్టుపక్కల రేకుల నుంచి విడిపడిందా? రేకు వెనక వైపు తెలుపు, ముందు వైపు పసుపు ఒకేలా ఉన్నాయా? తెల్లటి పూలు చాలావాటిలో యూవీ వెనక్కి రాదు, అవి తేనెటీగకు తెలుపు కాదు. వాండా వెనక వైపును అందుకే విడిగా తీసుకోమంటాను.

ప్రతి జతకూ తేదీ, వేళ, ఏ చెట్టు మీద ఎంత ఎత్తులో, ఎండా నీడా, లెన్సు, ఫిల్టర్, ఎక్స్‌పోజర్ రాసిపెట్టుకోండి. బయట పెట్టేటప్పుడు జీపీఎస్ వివరాలు తీసేయండి, తోట పేరు చెప్పకండి. మొక్కలు, జంతువుల ఫోటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెడితే చోటును దాచే ఏర్పాటు ఉంది, దాన్ని వాడండి. అడవి ఆర్కిడ్లను పెకిలించి అమ్ముకునేవాళ్లు ఉన్నారు, వాళ్లకు మీ ఫోటో దారి చూపకూడదు.

రాత్రి మెరుపు, వానాకాలం పూలు

చీకట్లో మెరిసే ఫోటోలకు మామూలు కెమెరా చాలు. 365 టార్చి ముందు కనిపించే వెలుగును ఆపే నల్లటి ఫిల్టర్, లెన్సు ముందు యూవీని ఆపే ఫిల్టర్ పెట్టి, ఐఎస్‌ఓ 400, ఎఫ్ 8, పది నుంచి ముప్పై సెకన్లు. ఆకుల్లోని పత్రహరితం ఎర్రగా మెరుస్తుంది. ముదురు రంగు బట్టలు వేసుకోండి, తెల్ల చొక్కా వెలిగి పువ్వు మీద నీలం వెలుగు పడుతుంది. ఇది కుండీలో పెంచుకున్న మొక్కతో ఇంటి దగ్గరే చేయడం మంచిది. తోటలోనే చేయాల్సి వస్తే పువ్వు కన్నా ముందు నేల మీద, బెరడు మీద టార్చి తిప్పండి. తేళ్లు యూవీలో నీలి ఆకుపచ్చగా మెరిసి దూరం నుంచే కనబడతాయి. పాములు అలా మెరవవు కాబట్టి బూట్లు, మామూలు టార్చి కూడా ఉండాలి.

వానలు పడ్డాక, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, నేల మీద పెరిగే హబెనేరియా ఆర్కిడ్లకు తెల్లటి పూలు వస్తాయి. కొన్నిటికి ఆకులు నేలకు అంటుకుని, మధ్యలోంచి సన్నటి కాడ. వీటిలో చాలావాటికి రాత్రి తిరిగే చిమ్మటలే అతిథులు కాబట్టి తేనెటీగ లెక్కతో చేసిన రంగుల బొమ్మ వీటికి వర్తించదు. జత ఫోటో, టెఫ్లాన్ మాత్రం అవే. కెమెరాను నేల మట్టానికి దించాలి, ట్రైపాడ్ బదులు ఇసుక సంచి వాడండి. పూసిన మొక్క చుట్టూ ఇంకా కాడ వేయని మొక్కలు ఒకటి రెండు ఆకులతో గడ్డిలో కలిసిపోయి ఉంటాయి. సంచి కింద పెట్టే ముందు, మోకాలు ఆనించే ముందు గడ్డిని చేత్తో విడదీసి చూసుకోండి.